గొంతుల కనుమలో పల్లకి

నీలగంధి రాజ్యపు పొలిమేర దాటి మేఘపంక్తి కొండలెక్కుతున్న ఆ పల్లకిని చూసినవాళ్లెవరూ అందులో రాజకుమార్తె ఉందని అనుకోరు. పల్లకి పాతది. తెరలు వెలిసిపోయినవి. పక్కన నడుస్తున్న మనిషి తలకు ముతక గుడ్డ చుట్టుకుని, మొలలో తాళపుచెవుల గుత్తి దోపుకుని, అచ్చం ఏ రత్నాల సెట్టిగారి గుమాస్తాలాగో ఉన్నాడు. బోయీలు కూడా అతణ్ణి గుమాస్తా కేతన్న అనే నమ్మారు. సెట్టిగారి కూతురికి కాళ్లు పడిపోయాయనీ, కొండ అవతలి పాలవెల్లి ఊటలో ముంచితే లేచి తిరుగుతుందనీ అతను చెప్పిన మాటా నమ్మారు.

అందులో సగం నిజమే. లోపలున్నది యువరాజు రత్నకేతు చెల్లెలు తరళ. కంఠచోరుడనే మాంత్రికుడు ఆమె పాట విని, ఆ గొంతు తనకిమ్మన్నాడు. మనుషుల గొంతులు దొంగిలించి, మట్టికుండల్లో మూతపెట్టి దాచుకోవడం వాడికి వ్యసనం. తరళ ఇవ్వనంది. "అయితే నీకూ ఉండదు" అని శపించి పోయాడు వాడు. ఆనాటి నుంచి పాదాల దగ్గర మొదలై ఆమె ఒళ్లు రాయి అవుతూ వస్తోంది. ఆ వేళ పొద్దున్నకి రాయి గుండె కిందికి వచ్చింది. పొద్దుగుంకేసరికి గొంతు చేరుతుంది. ఆలోపల ఊట నీళ్లు ఒంటికి తగిలితే తరళ బతుకుతుంది. లేకపోతే లేదు.

మాంత్రికుడి వేగులవాళ్లు యువరాజు కోసం దారులన్నీ కాస్తున్నారు. అందుకే ఈ గుమాస్తా వేషం. వేషం బాగానే కుదిరింది. ఉద్యోగమే కుదరలేదు.

ఏనుగుల దండును నడిపినవాడికి ఆరుగురు బోయీలను నడపడం ఒక లెక్కా అనుకున్నాడు రత్నకేతు. దండులో ఆజ్ఞ ఇస్తే పని జరిగిపోతుంది. ఇక్కడ ఆజ్ఞ ఇస్తే అందరూ వినయంగా "సిత్తం" అనేవారు, పల్లకి మాత్రం ఊగిపోయేది.

పల్లకికి ఒకటే పొడుగాటి దండె. ముందు కొసన ఇద్దరు, వెనక కొసన ఇద్దరు, ఒకరి వెనక ఒకరు నడుస్తారు. మిగిలిన ఇద్దరూ మార్పుకి. ముందువాడికి దారి కనిపిస్తుంది. వెనకవాడికి పల్లకి తప్ప ఏమీ కనిపించదు. అందుకని ముందువాడు "రాయి!" అనో, "గుంట, ఎడమకి!" అనో కేకేస్తాడు. వెనకవాడు "ఓహోం!" అని పలుకుతాడు. ముందువాడి నోరే వెనకవాడి కన్ను. పిలుపు వచ్చాక పలకకపోవడమంత తప్పు బోయీల్లో మరొకటి లేదు. నిద్రలో పిలిచినా పలుకుతారని వాళ్లను ఊరంతా వేళాకోళం చేసేది.

ముందు కొసన పైడయ్య. అట్టచివరి వెనక కొసన ఎర్రప్పడు. పైడయ్య చెల్లెల్ని ఎర్రప్పడు చేసుకున్నాడు. మీసాలు రాని నాటినుంచీ ఆ బావా బావమరదులది ఒకే దండె. వాళ్లిద్దరూ మోస్తుంటే పల్లకిలో పెట్టిన పాలచెంబు తొణికేది కాదు.

తగాదా ముందురోజు వాగు దగ్గర పుట్టింది. కొండవాగు ఉన్నట్టుండి పొంగితే నడుముల్లోతు నీళ్లలో పల్లకి తడవకుండా ఒడ్డెక్కించారు. రత్నకేతు పొంగిపోయి, మూటలోంచి ఎర్రపట్టు తలపాగా తీసి అందరి ముందూ పైడయ్య తలకు చుట్టాడు. రాజులు చేసే పనే అది. కోటగోడ మొదట ఎక్కినవాడికి పట్టుబట్ట.

ఆ రాత్రి ఎర్రప్పడు అన్నం ముట్టలేదు. మర్నాడు మాటలు మొదలయ్యాయి.

"ఏటి బావా, మెడ వంగతంది? తలపాగా బరువెక్కువా?"

"నువ్వు మొయ్యలేదులే దాన్ని. నీ పని నువ్వు చూసుకో."

"నా పని ఎవులు సూడాలి? ఎనకాల దుమ్ము తినీవోడి పని దేవుడు కూడా సూడడు."

పొద్దెక్కేసరికి పైడయ్య కేకలు వేయడం తగ్గించాడు. మొక్కుబడిగా ఒకటి వేస్తే, రెండు మానేశాడు. ఒక రాయికి ఎర్రప్పడి బొటనవేలు చితికింది. పల్లకి విసురుగా ఒరిగింది. లోపల తరళ తల చెక్కకు కొట్టుకున్న చప్పుడు రత్నకేతు గుండెలో పడింది.

"ఇక మీరిద్దరూ ఒక దండె కిందికి రావద్దు. ఒకడు మోస్తుంటే రెండోవాడు మార్పులో నడవాలి. ఇది నా ఆజ్ఞ" అన్నాడు.

"సిత్తం" అన్నారిద్దరూ.

తగాదా తీరిపోయిందని రత్నకేతు అనుకున్నాడు. తీరలేదు సరికదా, ఆరుగురికీ పాకింది. పొట్టివాడి వెనక పొడుగువాడు పడ్డాడు. ఒకడి అడుగు ఇంకొకడికి కలవదు. సూరి అనే కుర్ర బోయీ ముందుకొచ్చి, అలవాటు లేని కేకలు వేస్తున్నాడు. ముసలి దాలయ్య మోకాలు పట్టుకుని నడుస్తూ, "పెళ్లివారి పల్లకి అయితే ఈపాటికి పెళ్లికొడుకు దిగి నడిచీవోడు" అన్నాడు.

కొండ ఎక్కేకొద్దీ లోకం మారిపోయింది. కింద ఇప్పచెట్లు సన్నగిల్లి, పైన రాళ్లకు పసుపురంగు నాచు పట్టి, ఎండ తగిలినచోటల్లా కొండకు పసుపు రాసి కూర్చోబెట్టినట్టుంది. సన్నని జలధారలు నల్లరాతి మీద వెండి జరీలా జారుతున్నాయి. పేరు తెలియని నీలిపువ్వులు రాతి సందుల్లోంచి తొంగిచూస్తున్నాయి. తూనీగలు వాటిమీద వాలి, ఎగిరి, మళ్లీ అక్కడే వాలుతున్నాయి.

ఒక నీటిచెలమ దగ్గర పల్లకి దింపారు. తెర సందులోంచి తరళ సన్నగా పిలిచింది. బోయీల ముందు ఆమె కూడా అన్నను గుమాస్తాగారూ అనే పిలవాలని వాళ్ల ఒప్పందం.

"గుమాస్తాగారూ, వెనక మోసే ఆయన కుంటుతున్నాడు. మీరు చూశారా?"

"నీకెలా తెలిసింది?"

"మోయించుకునేవాళ్లకి తెలుస్తుంది. వాగులో నీళ్లు కొట్టినప్పుడు పల్లకి వెనక్కి జారబోయింది. వెనకనుంచి ఎవరో గోడలా ఆపారు. ఆయన అడుగే ఇప్పుడు ఎగుడుదిగుడుగా పడుతోంది."

రత్నకేతు లేచి, మూటలోంచి ఆముదం, పసుపు తీసుకుని ఎర్రప్పడి ముందు కూర్చున్నాడు. అతను కాలు వెనక్కి లాక్కున్నాడు.

"మీరు నా కాలు ముట్టుకోడవేటి బాబూ!"

"కదలకు. యుద్ధంలో..." అని నాలిక కరుచుకుని, "సెట్టిగారి ఎద్దులకి కట్లు కట్టిన చెయ్యే ఇది" అన్నాడు రత్నకేతు.

ఎర్రప్పడికి నవ్వాగలేదు. నవ్విన తర్వాత కడుపులోది బయటికొచ్చింది. "తలపాగా నాకక్కర్లేదు గుమాస్తాగారూ. నానేటి పెళ్లికొడుకునా? వాగులో బరువంతా ఎనక్కొచ్చీసింది. దండె నా మెడ మీద తొక్కీసింది. నీళ్లు నోట్లోకి పోతన్నా ఒగ్గలేదు. ఒడ్డెక్కినాక మీరు నావైపు సూడనైనా సూడలేదు. సూసినా కనపడనులెండి. మధ్యన పల్లకి అడ్డం."

"పైడయ్య మీద కోపమెందుకు మరి?"

"ఆడికి తెలుసు కదా! నోరిప్పి ఒక్క మాట సెప్పొచ్చు కదా, మా బావమరిది ఆపినాడని."

ఆమాటే పైడయ్యను పక్కకు పిలిచి అడిగాడు రత్నకేతు. పైడయ్య తలపాగా అంచు నలుపుతూ నిలబడ్డాడు. "సెప్దామనే అనుకున్నాను బాబూ. అంతమందిలో మీరు తలకు సుట్టీసరికి నోట మాట రాలేదు. తరవాత ఆడు ఎత్తిపొడవడం మొదలెట్టీసినాడు. ఇంకేటి సెప్తాను?"

ఇచ్చినవాడు తను. పెట్టిన తగవూ తనదే. రత్నకేతుకు అది అర్థమైంది. కానీ పొద్దు నడినెత్తి దాటింది, ఎదురుగా కనుమ ఉంది. ఊట చేరాక తీరిగ్గా సర్దుదాంలే అనుకున్నాడు. సర్దవలసిన తగవును దారి అయ్యాక సర్దుదామనుకోవడం ఎంత ప్రమాదమో అతనికి కనుమలో తెలిసింది.

గొంతుల కనుమ అంటే కొండకూ లోయకూ మధ్య ఒక్క మనిషి పట్టే బాట. కుడిపక్క కొండగోడ. ఎడమపక్క అడుగు కనిపించని అగాధం. లోయలోంచి ఎప్పుడూ పొగమంచు లేస్తుంటుంది. మొదట్లోనే దాలయ్య ఆగి చెప్పాడు.

"మా తాతలు సెప్పిన మాట. ఈ మంచులో ఎవులు పిలిచినా పలక్కూడదు. పలికినోడి గొంతు పోద్ది."

ఇది కంఠచోరుడి సొంత గడ్డే అన్నమాట. రత్నకేతు వంగి తెరలో తలపెట్టి గుసగుసగా అన్నాడు. "తరళా, కనుమ దాటేదాకా మాట్లాడకు. రెండుసార్లు చెక్క తడితే నువ్వు బాగున్నట్టు. ఒక్కసారే తడితే ఆపద." లోపలినుంచి టక్ టక్ అని రెండుసార్లు వినిపించింది.

ముందు సూరి, మార్పు బోయీ ఒకడు. వెనక దాలయ్య, చివర ఎర్రప్పడు. పైడయ్య ఖాళీ చేతులతో వెనకాల నడుస్తున్నాడు. యువరాజు ఆజ్ఞ ఇంకా అమల్లోనే ఉంది. బాట సగం వచ్చేసరికి మంచు పాలపొంగులా లేచి అందరినీ ముంచేసింది. తన చెయ్యి తనకు కనిపించదు.

"సూరీ!" ఎవరో పిలిచారు. అచ్చం వాళ్ల అమ్మ పిలిచినట్టే.

"ఓయ్!" అన్నాడు సూరి. పుట్టు బోయీ కదా, పలికేశాడు.

అంతే. సూరి నోరు ఆడుతూనే ఉంది, శబ్దం లేదు. మరుక్షణం సూరి గొంతే, ఎక్కడో గాల్లోంచి, ధీమాగా కేకేసింది. "గుంట! ఎడమకి!"

వెనక దాలయ్య ఎడమకి అడుగేశాడు. అక్కడ నేల లేదు.

దండె ఒరిగింది. దాలయ్య ఒంటికాలి మీద వేలాడాడు. పల్లకి ఎడమ అంచు అగాధం మీదికి వెళ్లింది. ఎర్రప్పడు దండెను మెడకు అదుముకుని కొండగోడకు చేరగిలబడ్డాడు. వెనకనుంచి ఎర్రపట్టు తలపాగా ఒకటి మంచును చీల్చుకుంటూ వచ్చింది. పైడయ్య ఒక చేత్తో బావమరిది నడుము, ఇంకో చేత్తో దాలయ్య మొలతాడు పట్టి వెనక్కి లాగాడు. పల్లకి బాట మీదికి వచ్చి నిలిచింది. దాలయ్య బతికాడు కానీ మోకాలు మెలిపడిపోయింది. సూరి కళ్లనీళ్లతో తన గొంతు తడుముకుంటున్నాడు. రత్నకేతు అతని భుజం మీద చెయ్యివేసి, "గొంతులు దొంగిలించే మాంత్రికుడి పని ఇది. వాడి కుండ పగలగొట్టి నీది నీకు తెచ్చిస్తాను" అన్నాడు.

వెనక్కి పోవడానికి లేదు. పొద్దు పడమటికి ఒరిగింది. లోపలినుంచి రెండు తట్లు వినిపించాయి కానీ, ముందుకన్నా మెల్లిగా.

రత్నకేతు అందరినీ గోడవారన కూర్చోబెట్టి, వాళ్ల మధ్య తనూ గొంతుక్కూర్చున్నాడు.

"వాగులో పల్లకిని ఆపింది ఎర్రప్పడు. నేను చూడలేదు. చూడకుండానే బహుమానం ఇచ్చాను. ఆ తర్వాత మీ మాట వినకుండా ఇద్దర్నీ విడదీశాను. తప్పు నాది. ఇవాళ ఎవరు ఎక్కడ నిలబడాలో మీరే చెప్పండి."

గుమాస్తాలు తప్పు ఒప్పుకోవడం ఆ బోయీలు ఎన్నడూ వినలేదు. పైడయ్య తల వంచుకుని అన్నాడు. "ఎనకాల ఆడుంటే నాకు కేక అక్కర్లేదు బాబూ. నా అడుగు ఆడికి దండెలోనే తెలిసిపోద్ది."

"తెలీకేటి? రాయి తగిలితే నీ ఎడమ బుజం ముందు లేస్తాది" అన్నాడు ఎర్రప్పడు, ఇంకా మొహం తిప్పుకునే.

రత్నకేతు చటుక్కున లేచాడు. "అయితే కేకలే వద్దు. వాడు గొంతులు దొంగిలించగలడు. భుజాలు దొంగిలించలేడు కదా!"

తలపాగా గుడ్డల పీలికలు చించి అందరూ చెవుల్లో కుక్కుకున్నారు. పైడయ్య తన పట్టు తలపాగా మాత్రం చించలేదు. నాలుగు మడతలు పెట్టి ఎర్రప్పడి ఒరుసుకుపోయిన భుజం మీద వేశాడు. "బావా, దండె కింద మెత్తగా ఉంటాది" అన్నాడు. చెవుల్లో గుడ్డ ఉన్నా ఎర్రప్పడికి ఆ మాట వినపడినట్టే ఉంది.

ముందు పైడయ్య, కొండగోడను చేత్తో తడుముకుంటూ. అతని వెనక సూరి. దాలయ్య చోటులో, పల్లకికి సరిగ్గా వెనక, రత్నకేతు స్వయంగా భుజం పెట్టాడు. చివర ఎర్రప్పడు. దాలయ్యను మార్పు బోయీలిద్దరూ చేతులమీద పట్టుకున్నారు. నాయకుడికి ఏదీ వినపడకపోతే ఎలాగని రత్నకేతు ఒక్కడే చెవులు మూసుకోలేదు.

దండె భుజం మీద పడగానే అతనికి ఊపిరి ఆడలేదు. మెడనరం పట్టేసింది. కళ్ల ముందు పల్లకి వెనక చెక్క తప్ప మరేమీ లేదు. ఇదా ఎర్రప్పడు రోజంతా చూసే లోకం అనుకున్నాడు. అప్పుడు కనిపించింది. ఆ చెక్క మూల ఒక చిన్న పిచ్చుక చెక్కి ఉంది. ముందునుంచి చూసేవాళ్లకు అది కనపడదు, లోపల కూర్చున్నవాళ్లకూ కనపడదు. మోసేవాడి కళ్లకు తోడుగా ఉంటుందని ఏ వడ్రంగో పని అంతా అయ్యాక చెక్కి ఉంటాడు. రత్నకేతు ఆ పిచ్చుక మీద చూపు నిలిపి అడుగులు వేశాడు.

మంచులో గొంతులు లేచాయి. సూరి గొంతు "కుడికి!" అంది. ఎవరిదో తల్లి గొంతు ఏడ్చింది. ఎవరిదో బిడ్డ గొంతు నవ్వింది. పల్లకి మాత్రం తొణక్కుండా సాగింది. పైడయ్య అడుగు తడబడితే దండె సన్నగా వణికేది, ఆ వణుకు చివరికి చేరేలోపే ఎర్రప్పడు నిలదొక్కుకునేవాడు.

అప్పుడు పల్లకి లోపలినుంచే, చెవి పక్కనే, తరళ గొంతు వినిపించింది. "అన్నయ్యా! రాయి గొంతుకొచ్చేసింది అన్నయ్యా!"

కనుమలో నోరు విప్పనన్న తరళ. నలుగురిలో గుమాస్తాగారూ అని పిలిచే తరళ. అవన్నీ అతనికి తర్వాత గుర్తొచ్చాయి.

"తరళా!" అన్నాడు రత్నకేతు.

గొంతులోంచి ఏదో దారంలా జారిపోయింది. కాళ్లు తడబడి ఎడమకి తూలాడు. అదే క్షణంలో దండె ఒక్కసారిగా బరువెక్కి కిందికి కుంగింది. వెనకనుంచి ఎర్రప్పడు దండెను ఎత్తి, కుడికి ఒక్క తోపు తోశాడు. ఆ తోపుకు రత్నకేతు కొండగోడకు తగిలి నిలబడ్డాడు. పల్లకి మళ్లీ సాగింది.

మంచు విడిపోయింది. ఎదురుగా ఎండ. దిగువన పచ్చికబయలు మధ్య పాలవెల్లి ఊట, తెల్లని నీళ్లు బుడగలు కక్కుతూ. పడమటి కొండ కొమ్ము మీద సూర్యుడు జానెడెత్తున ఉన్నాడు. బోయీలు చెవుల్లోని గుడ్డలు పీకేశారు. ఊపిరి తీసుకోవడానికి పల్లకి దింపబోతుంటే ఎర్రప్పడు గట్టిగా అన్నాడు.

"దింపకండి! నడిమి కనుమలో బరువు పెరిగింది. పొద్దుటినుంచీ బరువు కొంచెం కొంచెంగానే ఎక్కతంది. ఇది ఒక్కపాలి ఎక్కింది. ఇంకో మనిషి ఎక్కినాడు పల్లకిలో."

రత్నకేతు "ఎవరు?" అందామనుకున్నాడు. నోరు తెరుచుకుంది. గాలి తప్ప ఏమీ రాలేదు.

తెర వెనకనుంచి అతని గొంతే వచ్చింది. ఆ గాంభీర్యమే, ఆ మాటతీరే. "దించండి! నేను మీ గుమాస్తాను. పల్లకి ఇక్కడే దించి, పొద్దుగుంకేదాకా విశ్రాంతి తీసుకోండి. ఇది నా ఆజ్ఞ!"

బోయీలు నిశ్చేష్టులై పల్లకినీ, నోరు పెగలని గుమాస్తానూ మార్చి మార్చి చూశారు. అతను తల అడ్డంగా ఊపాడు. మొలలోని తాళపుచెవుల గుత్తి తీసి పారేసి, దండెను రెండు చేతులా భుజానికి అదుముకున్నాడు. చెప్పడానికి అతని దగ్గర అంతకన్నా ఏమీ మిగల్లేదు.

ఎర్రప్పడు అతని వీపు వైపు చూసి పకపకా నవ్వాడు.

"బావా, ఇన్నావా? లోపలోడు ఆజ్ఞ అంటన్నాడు. మన గుమాస్తా ఆ మాట కనుమలోనే ఒగ్గీసినాడు. తప్పు నాదన్నాడు."

"అవునురా బావా" అన్నాడు పైడయ్య. "ఎక్కినోడు దింపమంటే దింపడానికి ఇది పెళ్లి పల్లకా? పట్రా అడుగు! దొరగారికి ఊటలో తానం సేయిద్దాం."

"ఓహోం!"

పల్లకి వాలు దిగడం మొదలుపెట్టింది. లోపల గొంతు బతిమాలింది, తిట్టింది, మారి మారి నూరు గొంతులై అరిచింది. పైడయ్య అడుగు పెంచాడు. ఎర్రప్పడు చితికిన వేలితోనే పెంచాడు. మధ్యలో నీలగంధి యువరాజు, దుమ్ము తింటూ, చెక్క మీది పిచ్చుకను చూస్తూ పరుగెత్తుతున్నాడు. అతను ఆ అరుపులేవీ వినడం లేదు. బాగున్నానని తరళ తట్టే ఆ రెండు తట్ల కోసమే చెవి ఒగ్గాడు.

ఊట తుంపర ముఖాన పడేంత దగ్గరయ్యాక, పిచ్చుక చెక్కిన ఆ చెక్కకు లోపలివైపునుంచి, మెల్లగా, టక్ అని ఒక తట్టు వినిపించింది.

రెండోది వినపడలేదు.